శాటిలైట్ మ్యాప్‌లో బెజవాడ కంటే పొలాలే ఎర్రగా ఉన్నాయి. నా ప్రాజెక్టు తప్పా, శాటిలైట్ తప్పా?

కాలువగట్టు_అమ్మాయి (విజయవాడ), ఆదివారం రాత్రి 9:14

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ రెండో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టు పేరు "విజయవాడలో పెరుగుతున్న వేడి". ల్యాండ్‌శాట్ అనే శాటిలైట్ తీసిన నేల వేడి బొమ్మలు రెండు దించుకున్నాను, ఒకటి 2003 ఏప్రిల్‌ది, ఇంకోటి పోయిన నెలది. ఊరు ఎర్రగా, చుట్టూ పొలాలు నీలంగా వస్తాయనుకున్నాను. తీరా చూస్తే కంకిపాడు దాటాక పొలాలు మండిపోతున్నాయి, బెంజి సర్కిల్ దగ్గర కాస్త తక్కువే ఉంది! పైగా మ్యాప్‌లో 45 డిగ్రీలు ఉన్న రోజున గన్నవరం వాతావరణ కేంద్రం లెక్క చూస్తే గరిష్ఠం 38. గురువారం గైడ్‌గారికి చూపించాలి. బాగా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పు చేశానో ఎవరైనా చెప్పండి ప్లీజ్.

బ్లేజ్‌వాడ_బుల్లోడు (విజయవాడ), రాత్రి 9:21

మన ఊరు చల్లగా ఉందని ఇన్నాళ్లకు ఒక్కరైనా అన్నారు. ఆ శాటిలైట్‌కి కొబ్బరికాయ కొట్టు చెల్లీ, గైడ్‌గారి సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఆటోనగర్_ఏసీ (విజయవాడ), రాత్రి 9:50

నేను ఏసీలు బాగుచేస్తాను, చదువు తక్కువ. అయినా ఈ 45, 38 గొడవ నాకు రోజూ ఉండేదే. నా దగ్గర ఇన్‌ఫ్రారెడ్ గన్ ఉంది. కరోనా టైంలో నుదుటికి పెట్టేవారే, దానికి పెద్దన్న అనుకోండి. అది గాలి సంగతి చెప్పదు. దేనికి గురిపెడితే దాని ఒంటి వేడి చెబుతుంది. మొన్న ఒకళ్ల మేడ మీద ఔట్‌డోర్ యూనిట్ పెడుతూ సరదాగా కొట్టి చూశాను. సిమెంటు స్లాబు 47, నీడలో వేలాడదీసిన మామూలు థర్మామీటరు 36. రెండూ ఒకే మేడ మీద, ఒకే నిమిషంలో. మీ శాటిలైట్ కూడా పైనుంచి గన్ పెట్టినట్టే కదా?

ఒక్కటి మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. పక్కింటి కొత్త రేకు మీద కొడితే 33 అంది. సరే చల్లగా ఉందనుకుని చెయ్యి పెట్టాను, చెయ్యి కాలింది. గన్ మంచిదే, బ్యాటరీ కూడా కొత్తది.

పాత_చార్టు (గుంటూరు), రాత్రి 10:32

ఏసీ తమ్ముడూ, నువ్వు చెప్పిందే అసలు సమాధానం. వాతావరణ పరిశీలనలో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరైనవాణ్ని, దానికి రెండు ముక్కలు కలుపుతాను.

గన్నవరంలో కొలిచేది గాలి వేడి. నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున తెల్ల రంగు వేసిన చెక్కపెట్టె ఉంటుంది, చుట్టూ గాలి ఆడేలా వాలు పలకలు. థర్మామీటరు మీద ఎండ పడదు. ల్యాండ్‌శాట్ 705 కిలోమీటర్ల ఎత్తు నుంచి చూసేది నేల ఒంటి వేడి: స్లాబు, తారు, మట్టి, ఆకు, ఏది పైకి కనిపిస్తే అది. పగలు ఎండిన నేల గాలి కంటే పది డిగ్రీలు ఎక్కువుండటం వింతేమీ కాదు. అమ్మాయీ, నీ 45ని, గన్నవరం 38ని పక్కపక్కన పెట్టి తేడా తీయకు. అవి రెండు వేరు సరుకులు.

ఇంకోటి. శాటిలైట్‌లో థర్మామీటరు ఉండదు. నేల వెదజల్లే, కంటికి కనపడని వెలుగు ఎంత వచ్చిందో లెక్కపెడుతుంది, అంతే. డిగ్రీలు మనం కింద కట్టుకునే లెక్క. ఆ లెక్కలో "ఈ వస్తువు తన వేడిలో ఎంత భాగం బయటికి వెదజల్లుతుంది" అని ఒక అంకె వేయాలి. సిమెంటు, మట్టి, ఆకు దాదాపు పూర్తిగా, వందకు తొంభై పైనే వెదజల్లుతాయి. మెరిసే రేకు పావు వంతు వెదజల్లితే గొప్ప. మిగతాదంతా అద్దంలా ఆకాశాన్ని చూపిస్తుంది, ఆకాశమేమో చల్లన. అందుకే నీ గన్‌కి 33 కనిపించింది. ఆ రేకు మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, కాసేపాగి టేపు మీద కొట్టి చూడు.

ఆటోనగర్_ఏసీ, రాత్రి 10:40

టేపుకి ఏం కొదవ, జేబులోనే ఉంటుంది. రేపు చూసి చెబుతాను సార్.

కాలువగట్టు_అమ్మాయి, రాత్రి 11:05

45 సంగతి అర్థమైంది, థాంక్యూ సార్. మరి పొలాలు ఊరి కంటే ఎందుకు ఎర్రగా ఉన్నాయి? పుస్తకాల్లో అన్నిచోట్లా ఊరే వేడి దీవి, అంటే చుట్టుపక్కల కంటే వేడి ఎక్కువ అని ఉంది కదా.

చాక్‌పీస్ (గుంటూరు), సోమవారం ఉదయం 6:18

నేను చెబుతాను. ముందు ఒక్క ప్రశ్న. నువ్వు చూసిన పొలాల్లో ఏప్రిల్‌లో ఏముంటుంది?

కాలువగట్టు_అమ్మాయి, ఉదయం 7:02

వరి కోశాక మినుము వేస్తారు సార్. అదీ అయిపోయి ఉంటుంది. ఖాళీ.

చాక్‌పీస్, ఉదయం 7:45

జవాబు నువ్వే చెప్పావు. ఖాళీ, పైగా ఎండి నెర్రెలు విచ్చిన నల్లరేగడి. నేలలో తడి ఉంటే ఎండలో సగం దాన్ని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది, నేల అంత వేడెక్కదు. తడి లేకపోతే ఎండంతా పైపొరను కాల్చడానికే. ఊరు అలా కాదు. మందపాటి గోడలు, స్లాబులు మెల్లగా వేడెక్కుతాయి, మేడల నీడ ఒకదాని మీద ఒకటి పడుతుంది, అక్కడక్కడా వేపచెట్టు, కొబ్బరిచెట్టు. ల్యాండ్‌శాట్ మన మీదుగా వెళ్లేది ఉదయం పదిన్నర లోపే. ఆ వేళకి పొలం పెనంలా కాగిపోయి ఉంటుంది, ఊరు ఇంకా వేడెక్కుతూనే ఉంటుంది. ఎండిన ప్రాంతాల్లో పగటిపూట ఊరు చుట్టుపక్కల కంటే చల్లగా కనిపించడం చాలాచోట్ల చూసిందే. నీ శాటిలైట్ తప్పు చెప్పలేదు. నువ్వు అడగాల్సిన వేళ వేరు.

రాత్రి చూడు. పొలం పైపొర పొద్దుగూకగానే చల్లారిపోతుంది. స్లాబు పగలంతా దాచుకున్న వేడిని అర్ధరాత్రి దాకా వదులుతూనే ఉంటుంది. వన్‌టౌన్‌లో పుట్టినవాళ్లకు ఇది శాటిలైట్ చెప్పక్కర్లేదు, ఫ్యాన్ కింద మంచం తిరగేసి పడుకున్న వాళ్లందరికీ తెలుసు. మోడిస్ అనే పరికరం రెండు శాటిలైట్ల మీద ఉంది. టెర్రా 1999లో వెళ్లింది, ఆక్వా 2002లో. అవి పగలూ రాత్రీ కూడా కొలుస్తాయి. ఆక్వా మామూలుగా రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో దాటేది. బొమ్మలో ఒక్కో గడి కిలోమీటరు వెడల్పు, కాబట్టి మీ వీధి కనపడదు, ఊరు మొత్తం మాత్రం కనపడుతుంది. ఇరవై ఏళ్ల పైచిలుకు రాత్రులు వరసగా ఉన్నాయి, ఉచితం.

ఇక రెండు బొమ్మల సంగతి. ఇది చెబితే బాధపడతావేమో, కానీ గైడ్‌గారు అనేలోపు నేనే అంటాను. 2003లో ఒక రోజు, ఇప్పుడు ఒక రోజు తీసి "ఇంత పెరిగింది" అనడం కుదరదు. ముందురోజు జల్లు పడి ఉంటే? పడమటి గాలి వీచి ఉంటే? అది ఆ రోజు వాతావరణం అవుతుంది గానీ వాతావరణ మార్పు అవదు. ఏప్రిల్, మే నెలల్లో మబ్బు లేని బొమ్మలు అన్ని ఏళ్లవీ తీసుకో. ఏ రోజుకారోజు ఊరికీ, కృష్ణ నీటికీ, పొలానికీ తేడా కట్టు. 2003 మే 31న ల్యాండ్‌శాట్-7లో ఒక భాగం పాడైంది, అప్పట్నుంచి దాని బొమ్మల్లో నల్ల చారలు వచ్చాయి. ఆ ఖాళీలను నింపిన బొమ్మలు వాడకు. ఇంకా ముఖ్యమైంది: టెర్రా కక్ష్యను సరిదిద్దడం 2020లో ఆపేశారు. పదిన్నరకు దాటాల్సింది ఇప్పుడు అంతకంటే చాలా ముందే దాటుతోంది. పొద్దున్నే కొలిస్తే చల్లగానే ఉంటుంది కదా. అది చూసి "బెజవాడ చల్లబడింది" అని రాసేవు.

బ్లేజ్‌వాడ_బుల్లోడు, ఉదయం 8:10

నా కొబ్బరికాయ వెనక్కి ఇచ్చేయండి.

మిర్చి_టిక్కీ (గుంటూరు), ఉదయం 11:30

మంచి మాటలు నడుస్తున్నాయి. మాది యార్డులో కమీషన్ వ్యాపారం, ఊళ్లో నాలుగెకరాలు మిరప. నాకు 45, 38 కాదు, వాన కావాలి. కల్లంలో కాయ ఆరబోసి ఉంటుంది. మబ్బు చూసి పట్టా కప్పుతాం, వాన రాదు. కప్పకపోతే వస్తుంది. తడిస్తే కాయ మచ్చపడి తాలుకాయ రేటుకు దిగిపోతుంది. శాటిలైట్‌లో వాన కనపడుతుందా, మబ్బే కనపడుతుందా?

పాత_చార్టు, మధ్యాహ్నం 12:15

ఎక్కువగా మబ్బే కనపడుతుంది టిక్కీగారూ. మన వాతావరణ శాటిలైట్లు ఇన్‌శాట్-3డీఆర్, 2024 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇన్‌శాట్-3డీఎస్, ఈ రెండూ దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున మన నెత్తి మీదే కదలకుండా ఉన్నట్టుంటాయి. కొద్ది నిమిషాలకోసారి బొమ్మ వస్తుంది. మబ్బు పైభాగం ఎంత చల్లగా ఉంటే అంత ఎత్తుకు పెరిగినట్టు, ఉరుములతో వచ్చే వాన అవడానికి అంత అవకాశం ఉన్నట్టు. ఇది ఊహే. పల్చగా, ఎత్తుగా ఉండే మబ్బు కూడా చల్లగానే ఉంటుంది, చినుకు రాలదు. మీ పట్టా ఊరికే కప్పించేది అదే.

మబ్బు లోపల నీటిబొట్లు చూడాలంటే మైక్రోవేవ్ కావాలి. దానికి మనవాళ్లూ ఫ్రెంచివాళ్లూ కలిసి 2011 అక్టోబరులో మేఘా-ట్రోపిక్స్ పంపారు. భూమధ్యరేఖకు అటూ ఇటూ 20 డిగ్రీల వాలులో తిరిగేది కాబట్టి మన లాంటి ఉష్ణమండలం మీదుగా రోజుకు చాలాసార్లు వెళ్లేది. పని అయ్యాక 2023 మార్చి 7న దాన్ని పసిఫిక్‌లో పడేలా దించేశారు. ఎంత పద్ధతిగా దించారో! ఇప్పుడు జీపీఎమ్ అనే వాన కొలిచే శాటిలైట్ ఉంది, 2014లో వెళ్లింది. కల్లానికి మాత్రం ఒక గంట ముందు నేల మీదున్న వాతావరణ రాడారు బొమ్మే దిక్కు. శాటిలైట్ వాన లెక్క పదేళ్లకు, ఇరవై ఏళ్లకు పనికొస్తుంది.

నిజం_నిష్ఠూరం (విజయవాడ), మధ్యాహ్నం 1:40

అందరూ కొలతలంటున్నారు. 1990ల్లో శాటిలైట్లే భూమి పెద్దగా వేడెక్కడం లేదన్నాయి. ఇప్పుడు అవే వేడెక్కిందంటున్నాయి. మధ్యలో లెక్క ఎవరు మార్చారు? రోహిణి కార్తెకు రోళ్లు పగిలేవని మా తాతగారు కూడా అన్నారు, అప్పుడు కార్బన్ డయాక్సైడ్ గొడవ ఉందా?

చాక్‌పీస్, మధ్యాహ్నం 3:05

మంచి ప్రశ్న, వెటకారం తీసేస్తే. లెక్క మారిన మాట నిజమే. ఎందుకు మారిందో కూడా అందరికీ తెలిసేలా అచ్చులోనే ఉంది.

1978 చివరి నుంచి అమెరికా వాతావరణ శాటిలైట్లు గాలిలోని ఆక్సిజన్ వెదజల్లే మైక్రోవేవ్‌ను కొలుస్తున్నాయి. గాలి వేడిని బట్టి అది పెరుగుతుంది, తగ్గుతుంది. జాన్ క్రిస్టీ, రాయ్ స్పెన్సర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాన్నుంచి ఉష్ణోగ్రత లెక్క కట్టారు. మీరన్నట్టు వేడెక్కడం పెద్దగా కనపడలేదు. 1998లో వెంట్జ్, షాబెల్ అనే ఇంకో ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సంగతి పట్టుకున్నారు. అంత ఎత్తులోనూ కొంచెం గాలి ఉంటుంది, దాని రాపిడికి శాటిలైట్ ఏటేటా కాస్త కిందికి జారుతుంది. జారితే అది చూసే కోణం మారుతుంది, కోణం మారితే భూమి చల్లబడినట్టు దొంగ లెక్క వస్తుంది. తర్వాత 2005లో మియర్స్, వెంట్జ్ ఇంకోటి చూపించారు. శాటిలైట్ దాటే వేళ జారిపోతుంటే దాన్ని సరిచేసే లెక్కలో పొరపాటు దొర్లింది. క్రిస్టీ, స్పెన్సర్ ఆ తప్పు ఒప్పుకుని దిద్దుకున్నారు. ఇప్పుడు వాళ్ల లెక్క ప్రకారం కూడా పదేళ్లకు 0.15 డిగ్రీల దగ్గర్లో వేడెక్కుతోంది. వాళ్లు వాతావరణ మార్పు గురించి గట్టిగా అరిచే బాపతు కాదు, గుర్తుంచుకోండి.

పొద్దున నేను ఈ అమ్మాయికి టెర్రా గురించి చెప్పిన జాగ్రత్త ఇదే జబ్బుకి. మీ తాతగారి రోళ్లు పగిలినమాట నిజమే. రోలు ఎన్నోసారి పగిలిందో రాసిపెట్టిన పుస్తకం కావాలి, అంతే తేడా.

మిర్చి_టిక్కీ, సాయంత్రం 4:20

ఇది మా కాటా గొడవలానే ఉంది మాస్టారూ. కొత్త కాటా తెస్తే పాతది వెంటనే తీసేయం. ఒకే టిక్కీని, అంటే మిరప బస్తాని, రెండింటి మీదా పెట్టి చూస్తాం. అరకిలో తేడా వస్తే ఆ రోజు యార్డులో పంచాయితీయే. శాటిలైట్ పాతదైపోతే కొత్తదానికి అలా చూస్తారా?

చాక్‌పీస్, సాయంత్రం 5:10

సరిగ్గా అలాగే చూస్తారు. సముద్రమట్టం కొలిచే శాటిలైట్లే తీసుకోండి. 1992లో టోపెక్స్/పొసైడన్, తర్వాత జేసన్-1, 2, 3, 2020 నవంబరులో సెంటినెల్-6. కొత్తది వెళ్లగానే పాతదాన్ని ఆపలేదు. సెంటినెల్-6 జేసన్-3కి 30 సెకన్ల వెనకే, అదే దారిలో, దాదాపు ఏడాది పాటు తిరిగింది. ఒకే అలను రెండూ కొలిచాయి, మీ టిక్కీలాగా. అలా అతికిస్తేనే 1993 నుంచి ప్రపంచ సముద్రమట్టం సుమారు 10 సెంటీమీటర్లు పెరిగిందని చెప్పగలుగుతున్నారు. ఏటా మూడు, నాలుగు మిల్లీమీటర్లు! 1,300 కిలోమీటర్ల పైనుంచి. నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు, కానీ తీరంలో ఉన్న కొలబద్దలతో సరిపోతుంది.

మీ ఖాతా పుస్తకం భాషలో ఇంకోటి చెబుతాను. సూర్యుడి నుంచి వచ్చే జమ చదరపు మీటరుకు 1361 వాట్లు, ఎదురుగా నిలబడ్డ పలక మీద. శాటిలైట్ల మీదున్న సెరీస్ అనే పరికరాలు భూమి నుంచి వెనక్కి పోయే ఖర్చు కొలుస్తాయి. భూమి మొత్తానికి సగటు తీస్తే చదరపు మీటరుకు ఒక వాటు దాకా జమ మిగిలిపోతోంది. అందులో తొంభై శాతం సముద్రంలో చేరుతోంది.

పల్నాటి_బోరు (నరసరావుపేట), సాయంత్రం 6:02

భూమిలో నీళ్లు కూడా శాటిలైట్ చెబుతుందటగా. మా చేలో మూడో బోరు వేయాలనుంది. ఎక్కడ వేయాలో అడిగి చెప్పండి.

తెనాలి_హైదరాబాద్, రాత్రి 7:48

బోరు చెప్పదు బాబాయ్! నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. గ్రేస్ అని 2002లో రెండు శాటిలైట్లు పంపారు. ఒకదాని వెనక ఒకటి, 220 కిలోమీటర్ల ఎడంలో. కింద బరువెక్కువున్న చోట ముందుది కాస్త లాగబడుతుంది, మధ్య దూరం వెంట్రుక కంటే తక్కువ మారుతుంది, అది కొలుస్తారు. అంటే నీళ్లను చూడటం కాదు, నీళ్ల బరువును తూచడం. గడి వందల కిలోమీటర్లు. గుంటూరు, పల్నాడు, కృష్ణ అన్నీ కలిపినా దానికి ఒక గడి కాదు.

పెద్ద లెక్క మాత్రం దిమ్మతిరిగేలా చెబుతుంది. పంజాబ్, హర్యానా, రాజస్థాన్, ఢిల్లీలలో 2002 నుంచి 2008 దాకా 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలం తగ్గిపోయిందని 2009లో నాసా శాస్త్రవేత్త రోడెల్ బృందం లెక్కగట్టింది. మన భాషలో 3,850 టీఎంసీలు. నాగార్జునసాగర్ నిండితే 312 టీఎంసీలు. పన్నెండు సాగర్లు తోడేశారన్నమాట. పాత జంట 2017లో ఆగిపోయింది, కొత్త జంట 2018 మే నుంచి తిరుగుతోంది. మధ్యలో ఏడాది ఖాళీ ఉంది. టిక్కీగారి భాషలో, అక్కడ రెండు కాటాల మీదా ఒకే టిక్కీ పెట్టే అవకాశం దొరకలేదు.

సింగ్‌నగర్_రెండో_అంతస్తు (విజయవాడ), రాత్రి 9:15

ఇంత చెప్పే శాటిలైట్లు 2024 సెప్టెంబరు 1న ఏం చేశాయి? బుడమేరు వచ్చి కింది పోర్షన్ మునిగింది. ఫ్రిజ్ తేలుతుంటే మెట్ల మీద నిలబడి చూశాను. మూడోరోజో నాలుగోరోజో ఫోన్‌లో ఒక వరద మ్యాప్ తిరిగింది. చుట్టూ పొలాలు నీలంగా ఉన్నాయి, మా వీధి మాత్రం పొడి. మేమేమో పాలప్యాకెట్ కోసం పడవ వైపు చేతులు ఊపుతున్నాం. అప్పట్నుంచి నాకు ఈ బొమ్మలంటే మంట.

తెనాలి_హైదరాబాద్, రాత్రి 9:58

మంట న్యాయమే అన్నా. ఆ మ్యాప్ ఎవరు చేశారో నాకు తెలీదు గానీ, అలా ఎందుకు వస్తుందో చెబుతాను. వరదలప్పుడు మబ్బు ఉంటుంది కాబట్టి కెమెరా పనికిరాదు, రాడారు కావాలి. రాడారు ఏటవాలుగా తరంగం పంపుతుంది. పొలంలో నిలిచిన నీళ్లు అద్దంలా దాన్ని అవతలికి తోసేస్తాయి, వెనక్కి ఏమీ రాదు, బొమ్మలో నల్లగా పడుతుంది. నలుపుంటే నీరు అని గుర్తు. ఇళ్ల మధ్య అలా కాదు. తరంగం నీళ్ల మీద పడి, గోడకు తగిలి, తిన్నగా వెనక్కి వచ్చేస్తుంది. నీళ్లున్న వీధి మామూలు కంటే ఇంకా తెల్లగా మెరుస్తుంది. నలుపు కోసమే వెతికే ప్రోగ్రామ్ మీ వీధిని పొడి అంటుంది. వరదకు ముందు బొమ్మను పక్కన పెట్టి తెలుపు ఎక్కడ పెరిగిందో వెతకాలి. అది చేసే పద్ధతులున్నాయి, కానీ హడావుడిలో అందరూ చేయరు.

వేళ కూడా కలిసి రాలేదు. యూరప్ వాళ్ల రాడారు శాటిలైట్లు సెంటినెల్-1 రెండు ఉండాల్సింది, ఒకటి 2021 డిసెంబరులో పాడైంది. ఆ వరద నాటికి ఒక్కటే తిరుగుతోంది, అదే దారికి మళ్లీ రావడానికి 12 రోజులు. మన రాడారు శాటిలైట్ ఈఓఎస్-04 ఉంది, అదీ తన వంతు వచ్చినప్పుడే. 2025 జూలై 30న నైసార్ అనే ఇంకో రాడారు శాటిలైట్ వెళ్లింది కాబట్టి ఇంకో కన్ను పెరిగింది.

పాత_చార్టు, రాత్రి 10:45

సింగ్‌నగర్ బాబూ, నీ కోపం చూస్తే నాకు దివిసీమ గుర్తొచ్చింది. 1977 నవంబరు 19. అప్పటికి మన సొంత వాతావరణ శాటిలైట్ పైన లేదు. ఇతర దేశాల శాటిలైట్ బొమ్మలు రోజుకు ఒకటో రెండో వచ్చేవి. ఓడల నుంచి వచ్చే అంకెలు చార్టు మీద పెన్సిల్‌తో వేసి, గీతలు గీసి, తుపాను కన్ను ఎక్కడుందో ఊహించేవాళ్లు. నేనప్పుడు ఉద్యోగంలో లేను, కుర్రాణ్ని. మా మేనమామ వాళ్లది అవనిగడ్డ వైపు. ఉప్పెన తర్వాత పదోరోజున వెళ్లాను. తాటిచెట్టు మొవ్వులో చీర చుట్టుకుని ఉంది. అంత ఎత్తున.

1983లో ఇన్‌శాట్-1బీ వెళ్లింది. 1990 మేలో దాదాపు అంతటి తుపానే మన తీరానికి వచ్చింది. ఆ సారి పోయినవాళ్లు వెయ్యిలోపు. 1977లో ప్రభుత్వ లెక్కే దాదాపు పదివేలు. శాటిలైట్ ఒక్కటే కారణమనను. రేడియో, ముందుగా జనాన్ని తరలించిన సిబ్బంది, తుపాను షెల్టర్లు, అన్నీ ఉన్నాయి. కానీ ఆ చీర చూసినవాణ్ని, 90లో గంటగంటకూ తుపాను కన్ను కదులుతుంటే చార్టు ముందు కూర్చున్నవాణ్ని కూడా నేనే.

సింగ్‌నగర్_రెండో_అంతస్తు, రాత్రి 11:02

సరే పెద్దాయనా. ఫ్రిజ్ గురించి ఇంక ఎత్తను.

కాలువగట్టు_అమ్మాయి, గురువారం సాయంత్రం 5:30

గైడ్‌గారికి చూపించాను! ప్రాజెక్టు పేరు మారింది: "విజయవాడలో వేసవి రాత్రుల వేడి". పగటి బొమ్మల్లో పొలాలు ఎందుకు ఎర్రగా ఉన్నాయో ఒక అధ్యాయం రాయమన్నారు. ఆక్వా రాత్రి లెక్కలు 2003 నుంచి దించుతున్నాను. హాస్టల్ వైఫైకి సగం ప్రాణం పోయింది. ఏసీ అన్నా, ల్యాండ్‌శాట్ దాటే రోజున మీ మేడ మీద కొలిచి ఇస్తారా? అది శనివారం.

ఆటోనగర్_ఏసీ, శనివారం రాత్రి 11:12

కొలిచాను చెల్లీ, రాసుకో. ఉదయం 10:25కి: స్లాబు 48, తారురోడ్డు 52, వేపచెట్టు కింద మట్టి 33, పక్కింటి రేకు 34, అదే రేకు మీద నల్ల టేపు 59. పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. పక్కింటి ఆవిడ టేపు ఎందుకు అంటించావని అడిగితే శాటిలైట్ కోసమని చెప్పాను, నన్ను అదోలా చూసింది.

రాత్రి 10:30కి: స్లాబు 37, నీడ థర్మామీటరు 31, వేపచెట్టు కింద 30. ఒక మూల స్లాబు 29 ఉంది, అది లెక్కలో వేసుకోకు. నేను గన్ తెచ్చేలోపే మా అమ్మ పడక కోసం అక్కడ రెండు బకెట్లు నీళ్లు చల్లేసింది.